పాత చుట్టమే, కలిపాను

రెండో దెబ్బకి చిన్నన్న బెంచి మీద పడ్డాడు. స్క్రూల డబ్బా బోర్లాపడి, చిన్న చిన్న స్క్రూలన్నీ గచ్చు మీద జల్లుమని దొర్లాయి.

"చెప్పరా! నేనే కొట్టానని చెప్పు!" పెద్దన్న కేక షట్టరు దాటి వీధిలోకి పోతోంది.

"నేను కొట్టలేదన్నయ్యా."

"మళ్ళీ అదే మాట!"

మూడో దెబ్బ పడేలోగా పిచ్చుక మధ్యలో దూరింది. ఇంట్లో అందరికన్నా చిన్నది, అందరికన్నా పొట్టిది, క్షణం ఒకచోట నిలవదని చిన్నప్పుడు పెట్టిన పేరది. ఇరవయ్యారేళ్ళొచ్చినా వదల్లేదు. ఆరడుగుల పెద్దన్న ముందు ఆ పిల్లెంత! మోచేత్తో ఒక్క తోపు తోశాడు. వెళ్ళి గోడకు కొట్టుకుంది.

"నువ్వు అడ్డం రాకు. ఇది మగాళ్ళ వ్యవహారం."

"చేసేది ఘనకార్యమైతే వ్యవహారమనొచ్చు. వాడి మొహం చూడు, ఎట్లా వాచిపోయిందో!"

"రేపు లాకప్పులో ఇంతకన్నా వాస్తుంది. ఆ సంగతి తెలుసా నీకు?"

అదీ మూడు రోజులుగా ఆ ఇంటి వరస. మంగళవారం సాయంత్రం అక్క డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి, బావ ముందుగదిలో తల పగిలి పడున్నాడు. ఇవాళ శుక్రవారం. ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. అమ్మ ఆయన మంచం పక్కనే కూర్చుంది. కొట్టిందెవరో చూసినవాళ్ళు లేరు. కానీ ఆ మంగళవారం పొద్దున్నే చిన్నన్న నడివీధిలో బావ చొక్కా పట్టుకున్నాడు. అది మాత్రం వీధి వీధంతా చూసింది.

సాయంత్రం ఎక్కడున్నావంటే "ఊరికే తిరిగాను" అంటాడు. ఎవరైనా చూశారా అంటే తల దించుకుంటాడు. అసలే నోట్లోంచి మాట పెగలని మనిషి. మూడింటికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు.

"నీకై నువ్వు ఒప్పుకుంటే కోపంలో చెయ్యి చేసుకున్నాడంటారు," అన్నాడు పెద్దన్న, తమ్ముడి జుట్టు పట్టి తల పైకెత్తి. "వాళ్ళు పట్టుకుంటే చంపబోయాడంటారు. నేను నీ మంచి కోరి చెప్తున్నానా, చెడు కోరా?"

"చెయ్యని పని చేశానని ఎట్లా చెప్పను?"

పెద్దన్న జుట్టు వదిలాడు. తమ్ముడి కుడిచెయ్యి పట్టి లాగి, బెంచి చివర సామాన్లు బిగించే ఇనుప వైసు దవడల మధ్య వేళ్ళు పెట్టాడు. పిడి తిప్పాడు.

పిచ్చుక పై ప్రాణాలు పైనే పోయాయి. చచ్చిన బోర్డుని కూడా బతికించే వేళ్ళవి. చీమ తలంత చోట కూడా చెయ్యి వణక్కుండా టంకం వెయ్యగలడు చిన్నన్న. పాత లాప్‌టాప్‌లు బాగుచేసి, లినక్స్ ఎక్కించి స్కూళ్ళకి అమ్మే బావ వర్క్‌షాపు మొత్తం ఆ అయిదు వేళ్ళ మీదే నడుస్తోంది. పెద్దన్నకి అది తెలియనిదా!

"అన్నయ్యా! వద్దు! నీ కాళ్ళు మొక్కుతాను!" పిచ్చుక పిడిని పట్టుకుని వేలాడింది. ఎడమచేత్తో ఆమెను విదిలించి, కుడిచేత్తో ఇంకో చుట్టు తిప్పాడు.

చిన్నన్న అరిచిన అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. వెంటనే మూసుకుంది. ఎవరికేం పట్టింది!

"నేనే! నేనే కొట్టాను! వదులు, నేనే కొట్టాను!"

"అట్లా రా దారికి."

పిడి వెనక్కి తిప్పాడు. చిన్నన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గచ్చు మీద కూలబడ్డాడు. రెండు వేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి.

పెద్దన్న జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి వైసు దవడలు తుడిచాడు. బెంచి మీది రక్తం చుక్కలు తుడిచాడు. వంకరగా ఉన్న స్క్రూడ్రైవర్లని వరసలో సర్దాడు. ఎంత కోపమొచ్చినా ఆయనకి వస్తువు చోటు తప్పితే పడదు. ఇంట్లో కూడా అంతే. తిన్న కంచం ఎవరో తీస్తారని చూడడు, లేచి కడిగి బోర్లించాకే బయటికి కదులుతాడు. అమ్మ ఆ గుణం చూసి మురిసిపోయేది.

"పిచ్చుకా, నీ లాప్‌టాప్ తియ్యి. వాడు చెప్తాడు, నువ్వు టైపు చెయ్యి. సంతకం నేను పెట్టిస్తాను."

పిచ్చుక లాప్‌టాప్ బెంచి అవతలి చివర తెరిచే ఉంది. తెర మీద ఆమె ఆర్నెల్లుగా రాస్తున్న ప్రోగ్రామ్. ఊరికే వైఫైకి కలిపే చిన్న ప్రోగ్రామే. అయితే ఆ చిన్నది పుట్టింది అమ్మ కోసం. పాత ప్రోగ్రామ్‌లో ఇరవై గడులు, ముప్ఫై ప్రశ్నలు. "ఇదేంటే, ఇది మనదా, దొంగదా, దీన్ని నొక్కితే ఏమవుతుంది?" అని అమ్మ రోజూ ప్రాణం తీసేది. దాంతో పిచ్చుక తనే కూర్చుని కొత్తది మొదలుపెట్టింది. ఒక జాబితా, ఒక పాస్‌వర్డ్ గడి, ఒక మీట. ఇంకేం లేవు. ఒకసారి కలిసిన వైఫై అయితే అది "చుట్టాలు" అన్న జాబితాలోకి పోతుంది. మళ్ళీ కనబడితే ఎవరినీ అడక్కుండా తనే కలుపుతుంది. కలిపి, ఆ ముక్క మన భాషలో చెబుతుంది.

"టైపు చెయ్యమంటుంటే వినబడటం లేదా?"

"వినబడింది. చెయ్యను."

"ఏమన్నావ్?"

"చెయ్యనన్నాను. వేళ్ళు నలిపి చెప్పించిన మాటని నా చేత్తో రాయను. కావాలంటే నావీ పెట్టు ఆ వైసులో." లాప్‌టాప్ మూత టప్పున మూసింది.

పెద్దన్న ఆ మూత వంక చూశాడు. గోడకి తగిలించిన సుత్తి తీశాడు. ఆమె చేతులు వెనక్కి లాక్కునే వ్యవధి కూడా ఇవ్వలేదు. మొదటి దెబ్బకి మూత చొట్టపడింది. రెండో దెబ్బకి తెర గాజు లోపల పొడిపొడి అయింది. మూడో దెబ్బ, నాలుగో దెబ్బ. డిస్కు ఉండే చోటు ఆయనకి బాగా తెలుసు.

ఆర్నెల్ల పని! పిచ్చుక ఏడవలేదు. ఏడుపు రాలేదు. ఆ ప్రోగ్రామ్ ఇప్పుడు ఇంకొక్కచోటే ఉంది, పోయిన ఆదివారం పరీక్షకని పెద్దన్న లాప్‌టాప్‌లో ఎక్కించింది. ఎట్లా పనిచేస్తుందో చెప్పబోతే చెవిన వేసుకోలేదు. "నీ కబుర్లు నాకెందుకే, పనిచేస్తే చాలు," అని సంచీలో పడేసుకుని పోయాడు.

సుత్తిని గుడ్డతో తుడిచి మేకుకి తగిలించాడు. అప్పుడే షట్టరు కింద నుంచి వంగి అక్క లోపలికొచ్చింది.

మూడు రోజులుగా దువ్వని జుట్టు, ఆస్పత్రి వాసన. గచ్చు మీద స్క్రూలు, రక్తం, నలిగిన చెయ్యి పట్టుకుని తమ్ముడు. వచ్చిన పని మరిచిపోయి నిలబడిపోయింది.

"ఏమైంది?"

"ఒప్పుకున్నాడమ్మా," అన్నాడు పెద్దన్న నెమ్మదిగా. "నీ మొగుణ్ణి కొట్టింది వీడే. ఇప్పుడే నోరు విప్పాడు."

అక్క బెంచి దగ్గరికి వచ్చింది. దాని మీంచి వేలాడుతున్న ఛార్జరు వైరు అందుకుంది. గిరగిర తిప్పి కొట్టింది. ఛార్జరు దిమ్మ చిన్నన్న కనుబొమ మీద తగిలి చర్మం చీలింది.

"తోడబుట్టినవాడివని అన్నం పెట్టానురా! నా చేత్తో పెట్టానురా నీకు!"

"అక్కా, ఆపు! వాడు కాదు! వేళ్ళు వైసులో పెట్టి ఒప్పించాడు!"

"వాడు కాకపోతే ఎవరే? ఇంకెవరున్నారు? నువ్వు చెప్పు!" మళ్ళీ చెయ్యెత్తింది. పిచ్చుక ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. పెనుగులాటలో ఇద్దరూ కింద పడ్డారు. అక్క గోళ్ళు పిచ్చుక మెడ మీద నాలుగు గీతలు గీశాయి. ఆ గీతలు చూసి అక్క చెయ్యి ఆగిపోయింది. అక్కడే కూర్చుని గొంతు పగిలేలా ఏడ్చింది.

చిన్నన్న గోడకి చేరగిలబడ్డాడు. చీలిన కనుబొమ కింద కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో అక్క వంకే చూస్తున్నాడు.

"ఆయన ఆపరేషన్," అంది అక్క కాసేపటికి, ముక్కు తుడుచుకుని. "రెండింటిలోగా బీమా కాగితాలు పంపకపోతే ఇవాళ చెయ్యరట. సోమవారం దాకా ఆగమంటున్నారు. సోమవారం దాకా ఉంటాడో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. కాగితాలు ఇంట్లో ఉన్నాయి. ఇంట్లో వైఫై కలవట్లేదు. అందుకొచ్చాను."

"ఫోన్‌తో పంపొచ్చుగా?"

"మన పేటలో ఫోన్ సిగ్నల్ ఎట్లా ఉంటుందో నీకు తెలీదా? ఫోటో సగం పోయి ఆగుతోంది. మంగళవారం ఆరింటికి ఆయన డ్యూటీలో ఉన్న నాకు ఫోన్ చేశారు. పక్కింటివాళ్ళు మన వైఫై వాడుతున్నారు, ఇప్పుడే పాస్‌వర్డ్ మార్చాను, ఇంటికొచ్చాక చెప్తానన్నారు." అక్క కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. "నేనొచ్చేసరికి ఇంకేం చెప్తారు!"

పిచ్చుక గోడ గడియారం చూసింది. ఒంటిగంట దాటి పది నిమిషాలు.

"ఇక్కడ నెట్ పొద్దున్నుంచీ లేదు. మీ ఇంటి నుంచే పంపుదాం, పాస్‌వర్డ్ అక్కర్లేదక్కా. రౌటర్‌కి తీగ పెట్టి లాప్‌టాప్‌కి కలిపితే చాలు. లే." చుట్టూ చూసింది. బెంచి మీద సొంత లాప్‌టాప్ పచ్చడై ఉంది. మిగతావన్నీ ఊడదీసిన ముక్కలు. "పెద్దన్నయ్యా, నీది ఇవ్వాలి."

పెద్దన్న ఒక్క క్షణం సంచీ పట్టీ మీద చెయ్యి వేశాడు.

"తీగతోనేగా?"

"తీగతోనే."

"పదండి. వీడిని ఒక్కణ్ణి వదిలేస్తే పారిపోతాడు, వీడూ వస్తాడు. కానీ నేను లోపలికి రాను. మూడేళ్ళైంది నేనా గడప తొక్కి. వర్క్‌షాపు వదిలి సొంత కొట్టు పెట్టుకున్న రోజునే ఆ ఇంటితో నాకు సరి. ఆ మాట మీదే ఉన్నాను."

నలుగురూ రెండు వీధులు నడిచారు. చిన్నన్న మెడ మీద పెద్దన్న చెయ్యి ఉంది. చూసేవాళ్ళకి ఆప్యాయంగా వేసినట్టే ఉంది.

అన్నమాట ప్రకారం పెద్దన్న గుమ్మం బయటే ఆగాడు. సంచీ తీసి గడప మీదుగా అందించాడు. చిన్నన్న మెట్టు మీద కూలబడ్డాడు.

ముందుగదిలో బల్ల పక్కన గచ్చు ఇంకా రంగు తేడాగా ఉంది. అక్క ఎంత రుద్దినా పోలేదు. పిచ్చుక అటు చూడకుండా రౌటర్ వెనక తీగ గుచ్చింది. అక్క కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఎనిమిది కాగితాలు. అక్క ఫోన్‌తో వాటి ఫోటోలు తీసింది, రెండు మసకగా వస్తే మళ్ళీ తీసింది.

"నీళ్ళు తాగక్కా ముందు."

అక్క వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని, సగం తాగి బల్ల మీద పెట్టింది. ఆ గ్లాసునే చూస్తూ, "పిచ్చుకా, పోలీసులకి ఒకటి చెప్పాను, వాళ్ళు రాసుకోలేదు," అంది. "ఆ రోజు తొట్టి దగ్గర రెండు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆయన తాగిన గ్లాసు ఆయన ఒక్కనాడు కడిగిన పాపాన పోలేదు."

పిచ్చుక వింటూనే లాప్‌టాప్ మూత తెరిచింది. రెండో చేతిలో తీగ కొస ఉంది. గుచ్చాల్సిన రంధ్రం కోసం లాప్‌టాప్‌ని పక్కకి తిప్పుతోంది.

టింగుమని చిన్న శబ్దం వచ్చింది.

ఆ శబ్దం ఎంచి పెట్టింది తనే. అమ్మకి వినబడాలని కొంచెం గట్టిగా పెట్టింది. తెర మూలన తను రాసిన మాటలే, తను ఎంచిన అక్షరాలతోనే వచ్చాయి.

'అడిగితే ఇవ్వను. పాత చుట్టమే, కలిపాను. ఇంతకుముందు కలిసింది: మంగళవారం సాయంత్రం 6.25.'

అడిగితే ఇవ్వను అన్నది బావ వైఫై పేరు. పక్కింటివాళ్ళ మీద ఒళ్ళుమండి పెట్టిన పేరు. ఆ పేరు చూసి ఒకప్పుడు అందరూ నవ్వుకునేవాళ్ళు.

తీగ ఇంకా చేతిలోనే ఉంది.

"కలిసిందా?" అక్క తల వంచి చూసింది. "అదేంటే, తీగ పెట్టకుండా ఎట్లా కలిసింది? పాస్‌వర్డ్ నాకే తెలీదు కదా."

 ఆరింటికి మార్చిన పాస్‌వర్డ్. అది ఆయన నోటితో చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ఆరూ ఇరవై అయిదుకి ఈ లాప్‌టాప్ ఈ గదిలో తెరుచుకుంది. ఆయన పాస్‌వర్డ్ చెప్పాడు. మంచినీళ్ళో, టీయో ఇచ్చాడు. రెండు గ్లాసులు.

"పిచ్చుకా? మంగళవారమని ఉందేంటి? ఈ లాప్‌టాప్ ఆ రోజు ఇక్కడికి..." అక్క మాట మధ్యలో తెగిపోయింది. మెల్లగా గుమ్మం వైపు తిరిగింది.

టింగుమన్న శబ్దం బయటికీ వినబడింది. పెద్దన్న తల లోపలికి పెట్టాడు.

"తీగ పెట్టావా?"

పిచ్చుక చేతిలోని తీగ కొస బల్ల మీదికి జారింది.

"తీగ పెట్టావా అని అడుగుతున్నాను."

పిచ్చుక వేళ్ళు కీబోర్డు మీద వాటంతటవే కదిలాయి. ఫోటోలు ఎక్కించింది. ఆస్పత్రి మెయిల్ చిరునామా కొట్టింది. దాని పక్కనే, మొన్న ఇన్‌స్పెక్టర్ ఇచ్చిపోయిన కార్డు మీద చూసి గుర్తుపెట్టుకున్న ఆయన చిరునామా కూడా కొట్టింది. చుట్టాల జాబితా కూడా అందులోనే జత చేసింది. మీట నొక్కింది. తెర మీద సన్నటి పచ్చగీత మొదలైంది. రెండు శాతం. మూడు.

పెద్దన్న గడప దాటాడు. మూడేళ్ళుగా తొక్కనన్న గడప దాటి, తలుపు మూసి, గడియ వేశాడు. గడియ పై కొస బిగుసుకుంటుందని, దాన్ని కొంచెం ఎత్తి తొయ్యాలని చూడకుండానే తెలుసు ఆయనకి.

బయట చిన్నన్న లేచాడు. తలుపు మీద బాదడం మొదలుపెట్టాడు. "అక్కా! పిచ్చుకా! తలుపు తియ్యండి! అన్నయ్యా!" నలగని చెయ్యి ఒక్కటే ఉంది వాడికి, దాంతోనే బాదుతున్నాడు.

"మూత వెయ్యి, పిచ్చుకా."

మూత వేస్తే వైఫై తెగిపోతుంది. బావ ఆపరేషన్ పోతుంది. చిన్నన్న బతుకు పోతుంది. పదకొండు శాతం.

"వెయ్యను."

"ఇందాక కూడా ఇదే మాటన్నావు."

ఆయన నేరుగా మీదికి రాలేదు. బల్ల మీద అక్క సగం తాగి పెట్టిన గ్లాసు చూశాడు. తీసుకుని వంటింటి తొట్టి దగ్గరికి నడిచాడు. దారి అడగలేదు. కుళాయి తిప్పాడు.

"ఒక్కసారి చూడు బావా అన్నాను," అన్నాడు వీపు ఇటు పెట్టే. గొంతు మామూలుగా ఉంది. "స్కూళ్ళకి లాప్‌టాప్‌లు ఇచ్చేది ఆయనేగా. ఈ వైఫై ప్రోగ్రామ్ నేనే రాశానన్నాను. ఎన్నాళ్ళకో నాకంటూ ఒకటి... కలిపి చూపించాను కూడా. ఇది ఎట్లా పనిచేస్తుందో చెప్పు అన్నాడు. చెప్పలేకపోయాను. నవ్వాడు. ఇది నీ బుర్రలోంచి వచ్చింది కాదు, పిచ్చుక రాసింది, రేపే పిలిచి మెచ్చుకుంటాను అన్నాడు. అని ఇంకా నవ్వాడు."

అక్క గొంతులోంచి వచ్చింది ఏడుపు కాదు. బల్ల మీద ఉన్న రౌటర్ పక్కనే ఇస్త్రీపెట్టె ఉంది. దాని పిడి మీద ఆమె చెయ్యి పడింది.

"అక్కా, వద్దు," అంది పిచ్చుక. అంటూనే లాప్‌టాప్‌ని గుండెలకి హత్తుకుంది, మూత పడకుండా. నలభై శాతం. తలుపు అవతల చిన్నన్న ఇప్పుడు భుజంతో గుద్దుతున్నాడు. గుద్దినప్పుడల్లా గడియ కిర్రుమంటోంది.

కుళాయి ఆగింది. పెద్దన్న గ్లాసుని గుడ్డతో తుడిచి, తొట్టి పక్కన బోర్లించాడు. దాని అంచు గట్టు అంచుకి సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసుకుని, చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు.